కోలాకు మందు వేయడమెలా?

మన బొగ్గుగనుల ప్రాంతంలో నీలగిరి చెట్లు మీరు చూసే ఉంటారు. కొందరు జామాయిల్ చెట్లంటారు. కనిపించిన ఆకునల్లా కొరికే మేక కూడా వాటి జోలికి పోదు. ఆ ఆకులో ఘాటైన తైలాలూ, మాంసకృత్తులను అరగనివ్వని టానిన్లూ ఉంటాయి మరి. ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడ కోలా అనే జంతువు రోజుకు సుమారు అర కిలో ఈ ఆకే తిని బతుకుతుంది.

కోలా కూడా కంగారూ లాగా పిల్లను సంచిలో పెంచే క్షీరదమే. (ఎలుగుబంటి అనుకునేరు, కాదు.) ఆ ఆకు దానికెలా అరుగుతుంది? తైలాలను విరిచి బయటికి పంపే పని కాలేయానిది. మిగతాది సూక్ష్మజీవులు చూసుకుంటాయి. మన అంధనాళం బెత్తెడు కూడా ఉండదు. కోలాది సుమారు 2 మీటర్లు! అందులో కాపురముండే బాక్టీరియాలే టానిన్ల పట్టునుండి మాంసకృత్తులను విడిపిస్తాయి. పిల్లకు పుట్టుకతో ఇవి ఉండవు. ఆరు నెలల వయసులో తల్లి అంధనాళం నుండి వచ్చే మెత్తటి మలాన్ని తిని సంపాదించుకుంటుంది. చీదరించుకోకండి, దానికదే అన్నప్రాశనం!

ఈ కోలాలకు క్లమీడియా అనే బాక్టీరియా వల్ల పెద్ద జబ్బు వస్తుంది. కళ్ళు పోతాయి, పిల్లలు పుట్టరు. యాంటీబయాటిక్ ఇవ్వక తప్పదు. ఇస్తే రెండు చిక్కులు. విషాలను విరవడం మరిగిన కాలేయం కొన్ని మందులనూ అలాగే త్వరగా వదిలించుకుంటుంది. అందుకే క్లోరాంఫెనికాల్ ఇంజక్షన్ రోజూ, వారాల తరబడి ఇచ్చేవారు. రెండోది మరీ కష్టం. మందుకు శత్రువూ మిత్రుడూ తేడా తెలియదు. కడుపులోని మేలుచేసే బాక్టీరియాలు కూడా చస్తే, కోలా ఆకులు తిన్నా ఆకలితో చిక్కి చనిపోవచ్చు.

ఇప్పుడు వాడుతున్న వాటిలో డాక్సీసైక్లిన్ ఒకటి. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో డగ్గర్ కనుగొన్నాడు. అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మిస్సోరీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి తీసిన ఆ మందుకు, దాని బంగారు రంగును బట్టే ఆ పేరు వచ్చింది.

తల్లిలేని పిల్లలకు ఆరోగ్యవంతమైన కోలా పెంటికలను కలిపి తాగించి బాక్టీరియాలను అందించే పద్ధతి కూడా ఉంది. 2025లో ఆస్ట్రేలియా కోలాల కోసం క్లమీడియా టీకాను ఆమోదించింది. ఒక్క మోతాదు చాలు. టీకా జబ్బును ఎదుర్కొనేలా కోలా శరీరాన్నే సిద్ధం చేస్తుంది గనుక, అంధనాళంలోని కాపురం జోలికి పోదు.