నిప్పురవ్వ లేని ఇంజిన్ ఎందుకు మొరాయిస్తుంది?

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. డీజిల్ బండి ఇలా మొండికేస్తే చాలామంది బ్యాటరీ పడిపోయేదాకా తాళం తిప్పుతూనే ఉంటారు. అది ఆపి, ఎవరినైనా వెనక నిలబెట్టి సైలెన్సర్ చూడమనండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు తెల్లపొగ వస్తోందా, అసలేమీ రావడం లేదా? సగం జబ్బు అక్కడే తేలిపోతుంది.

పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్‌కు అది లేదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ 16 నుంచి 22 రెట్లు కుదిస్తుంది. సైకిల్‌కు గాలి కొడితే పంపు అడుగున చేతికి తగిలే వేడి లాంటిదే ఇక్కడా పుడుతుంది. 30 డిగ్రీల గాలిని 18 రెట్లు కుదిస్తే లెక్క ప్రకారం వేడి 600 డిగ్రీలు దాటాలి. ఆ గాలిలోకి సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ దానంతటదే భగ్గుమంటుంది.

అయితే కుదింపు చకచకా జరగాలి. నెమ్మదిగా జరిగితే వేడి సిలిండర్ గోడలకు పోతుంది, గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. అందుకే బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంజిన్ తిరిగినా అంటుకోదు. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ అందింది, కాలలేదు అని అర్థం. అప్పుడు చూడాల్సినవి బ్యాటరీ, స్టార్ట్‌కు ముందు సిలిండర్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్‌లు, ఆ తర్వాత అరిగిన రింగులు, సరిగా కూర్చోని వాల్వులు.

ఈ వేడి ఎక్కడి నుంచి రావాలన్న దాని మీదే మొదట్లో రెండు దారులు పోటీ పడ్డాయి. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువార్ట్ 1890లో పేటెంట్ పొందిన ఇంజిన్‌లో సిలిండర్‌కు ఒక చిన్న గది తగిలించి ఉండేది. స్టార్ట్ చేసే ముందు దాన్ని దీపంతో బాగా కాల్చాలి. నడక మొదలయ్యాక ఆ గది లోపలి మంట వేడితోనే కాగి ఉండేది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ బయటి మంట అక్కర్లేదన్నాడు, కుదింపు వేడి ఒక్కటే చాలన్నాడు. 1893లో పేటెంట్ వచ్చింది. ఔగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో 1897లో పరీక్షించిన ఆయన ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. డీజిల్‌దే గెలుపు. కానీ చలి ఉదయాన సెల్ఫ్‌కు ముందు ఎర్రగా కాగే హీటర్ ప్లగ్‌ను చూస్తే, ఓడిన అక్రాయిడ్ ఆలోచన గెలిచినవాడి ఇంజిన్‌లోనే బతికి ఉందనిపిస్తుంది.

ఇక పొగే రాకపోతే? డీజిల్ సిలిండర్‌దాకా రావడం లేదన్నమాట. రుడాల్ఫ్ తన ఇంజిన్‌లోకి ఇంధనాన్ని కంప్రెసర్ గాలితో ఊదించేవాడు. ఆ కంప్రెసర్ బరువు మోయలేక డీజిల్ ఇంజిన్ చాలాకాలం ఫ్యాక్టరీల్లో, ఓడల్లో ఉండిపోయింది. కంప్రెసర్ అక్కర్లేకుండా డీజిల్‌ను చిమ్మేలా 1927లో బాష్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన పంపు డీజిల్ ఇంజిన్‌ను లారీల్లో విరివిగా వాడుకలోకి తెచ్చింది.

నాకు ఎంతో ఇష్టమైన యంత్రభాగం ఆ పంపులో డీజిల్‌ను నెట్టే కడ్డీ, ప్లంజర్. అది లేచే ఎత్తు ఎప్పుడూ ఒకటే, పంపాల్సిన డీజిల్ మాత్రం క్షణక్షణం మారాలి. అందుకని ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి చెక్కారు. ప్లంజర్ లేస్తూ, తాను ఇమిడి ఉన్న బ్యారెల్ గోడలోని రంధ్రాన్ని మూయగానే ఒత్తిడి మొదలవుతుంది. గాడి అంచు ఆ రంధ్రాన్ని చేరగానే ఒత్తిడి పడిపోయి మిగతా డీజిల్ వెనక్కి పోతుంది. ప్లంజర్‌ను నిలబడ్డచోటే కాస్త తిప్పితే చాలు, అంచు రంధ్రాన్ని చేరే సమయం మారిపోతుంది, దాంతో డీజిల్ కొలతా మారుతుంది. యాక్సిలరేటర్, ఇంజిన్ వేగాన్ని అదుపుచేసే గవర్నర్ కలిసి చేసేది ఈ తిప్పడమే. పూర్తిగా తిప్పితే నిలువు గాడి రంధ్రానికి ఎదురుగా వస్తుంది. అప్పుడు చుక్క కూడా పోదు. పాత ట్రాక్టర్‌లో స్టాప్ నాబ్ లాగితే ఇంజిన్ ఆగేది ఇందుకే. ఆ నాబ్ మళ్లీ పూర్తిగా లోపలికి వెళ్లకపోతే పొద్దున స్టార్ట్ కాకపోయేదీ ఇందుకే.

ఈ పంపుకు పెద్ద శత్రువు గాలి బుడగ. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవాలంటే వాతావరణ పీడనానికి వంద రెట్ల పైనే ఒత్తిడి కావాలి. డీజిల్ దాదాపు కుదించుకుపోదు కాబట్టి ఆ ఒత్తిడి క్షణంలో వస్తుంది. మధ్యలో బుడగ ఉంటే ప్లంజర్ శ్రమంతా బుడగను నొక్కడానికే సరి. ట్యాంకు ఎండిపోయినా, ఫిల్టర్ మార్చినా ‘ఎయిర్ పట్టింది’ అని మెకానిక్ అనేది ఈ స్థితినే. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులుచేసి హ్యాండ్ ప్రైమర్ కొడితే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి స్వచ్ఛమైన ధార. ప్రైమర్ కొడుతూనే స్క్రూ బిగించాలి.

పగలంతా బాగా నడిచి, పొద్దునే మొరాయించే బండికి ట్యాంకు వైపు పైపులు చూడండి. అక్కడ పంపు లాగుతుంది కాబట్టి పగులు ఉన్నా డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి వస్తుంది. మధ్యలో ఒక పారదర్శకమైన గొట్టం ముక్క వేస్తే బుడగలు కళ్లకే కనిపిస్తాయి.

బాష్ పంపు తర్వాతి కథ కార్లలోకి సాగింది. 1936లో మెర్సిడెస్ 260 డి కారు వచ్చింది, 1997లో ఆల్ఫా రోమియో 156తో, నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలో డీజిల్‌ను ఒత్తిడితో నిల్వ ఉంచే కామన్ రైల్ కార్లలోకి వచ్చింది. ఇప్పుడు రైల్‌లో తగినంత ఒత్తిడి లేకపోయినా, ఒక కీలక సెన్సర్ పలకకపోయినా కంప్యూటర్ డీజిల్ వదలదు. ఈ బండ్లలో గాలి తీయడానికి పాత పద్ధతిలో నాజిల్ నట్లు వదులుచేయకూడదు, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

తరం ఏదైనా పొగ చెప్పే మాట ముందు వినాలి. పొగే లేని బండికి హీటర్ ప్లగ్‌లు మార్చడం, తెల్లపొగ కక్కే బండికి ముందుగానే పంపు విప్పడం, రెండూ డబ్బు దండగే.