నీళ్ళలో ముఖం పెట్టి చూచిన రోజు



ఈత రానివాడు సముద్రంలో దిగవచ్చునా? దిగి, అడుగున ఉన్నదంతా కన్నులారా చూచి, క్షేమంగా ఇంటికి తిరిగి రావచ్చునా? కొంతకాలం క్రిందట ఎవరైనా నన్నీ ప్రశ్న అడిగివుంటే, "మీకు మతి పోయిందా?" అనివుండేవాణ్ణి.

నేను సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ణే. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో మా ఊరు. ఇసుకలో పది నిమిషాలు నడిస్తే అలలు కాళ్ళను తాకుతాయి. అయినా మా అమ్మ మమ్మల్ని మోకాలి లోతు దాటి వెళ్ళనిచ్చేది కాదు. పండుగ నాడు స్నానానికి వెళ్ళిన పిల్లలు తిరిగి రాకపోవడం, ఒడ్డున తల్లులు మట్టి ఎత్తిపోసుకుంటూ ఏడవడం నేను చిన్నతనంలో రెండుసార్లు చూచాను. నేటికీ మన దేశంలో ఏటా ముప్పై వేలకు పైగా మనుషులు నీళ్ళలో మునిగి చనిపోతున్నారు. చెరువులో, కాలువలో, పిక్నిక్‌కు వెళ్ళిన తీరంలో. అందువలన సముద్రమంటే నాకు భక్తికంటె భయమే ఎక్కువ.

ఆ భయాన్ని కదిలించినది ఒక ఫోటో. మోతీనగర్‌లోని మా సంఘంలో ఒక సహోదరుడు ఉన్నారు. ఫిలింనగర్‌లో సినిమావాళ్ళకు దుస్తులు కుట్టడం ఆయన పని. ఆయన చెల్లెలి కుమార్తె అమెరికాలో ఉంటోంది. ఆ అమ్మాయి సెలవుల్లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ అనే దీవికి వెళ్ళి, అక్కడినుండి పడవలో పదిమందితో కలిసి బక్ ఐలండ్ అనే చిన్న దీవికి ఒక్కరోజు ప్రయాణం చేసి, ఫోటోలు పంపింది. వెస్టిండీస్ అంటే మనకు క్రికెట్టే గుర్తుకు వస్తుంది గాని, ఆ దీవులచుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయని ఎందరికి తెలుసు? బక్ ఐలండ్‌ను 1961లో అధ్యక్షుడు కెనడీ రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. నీటి అడుగున పలకలు పాతి, ఈదేవారికి దారి కూడా చూపించారట. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకొని నీటిమీద బోర్లా తేలుతూ క్రింద ఉన్నది చూడడమే ఆ విహారం. దీనిని స్నార్కెలింగ్ అంటారు.

ఆ ఫోటోలు చూచి దర్జీ సహోదరుడు, "అయ్యగారూ, మేము సెట్టులో నీలం గుడ్డ కట్టి సముద్రమంటాం. అసలుది ఎప్పుడు చూస్తాం?" అన్నారు. కరీబియన్‌కు వెళ్ళే స్తోమత మాకెవరికీ లేదు. కాని మా పెద్దనాన్నగారి కుమారుడు, నేను పెద్దన్నయ్యా అని పిలిచేవారు, ముప్పై ఏళ్ళుగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. జంగ్లీఘాట్‌లో ఇల్లు, చేపల పడవ మీద పని. అండమాన్ మనకు పరాయి చోటు కాదండీ. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడివారిలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. మా జిల్లావారు ఎంతోమంది. సంతలో నిలబడితే సోంపేటలో ఉన్నట్టే ఉంటుంది.

ఏడాదిన్నర పాటు నెలనెలా కొంత కూడబెట్టుకొని, 2025 ఫిబ్రవరిలో ఏడుగురం బయలుదేరాము. నేను, నా భార్య, దర్జీ సహోదరుడు, ఆయన భార్య, ఇంటర్మీడియెట్ చదివే వారి కుమార్తె, పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరు, ఆయన సతీమణి. హైదరాబాదు నుండి విమానంలో రెండున్నర గంటల లోపే. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మార్చారు గాని, మా అన్నయ్య ఇంట్లో ఇంకా పాత పేరే నడుస్తోంది.

మేము వెళ్ళదలచినది జాలీ బాయ్ అనే దీవి. ఇది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులోనిది. 1983లో ఏర్పడిన ఈ పార్కు సుమారు 281 చదరపు కిలోమీటర్లు, అందులో పదిహేను దీవులు. సందర్శకులను రెండింటికే పంపుతారు, అదీ ఏడాదిలో కొన్నాళ్ళు ఒకదానికి, కొన్నాళ్ళు మరొకదానికి. రెండవది రెడ్ స్కిన్. సోమవారం సెలవు. ముందురోజే అనుమతి పత్రం తీసుకోవాలి. ఈ సంగతి తెలియక చాలామంది రేవు దాకా వెళ్ళి వెనుదిరుగుతుంటారు.

"నీళ్ళలోకి తొంగిచూడడానికి డబ్బులెందుకు తమ్ముడూ? నా పడవ ఎక్కు, రోజంతా చూద్దువుగాని" అని అన్నయ్య నవ్వారు. అయినా తోడుగా వచ్చారు. ఎనిమిదిమందిమి అయ్యాము.

పోర్ట్ బ్లెయిర్ నుండి వండూరు రేవుకు సుమారు ముప్పై కిలోమీటర్లు. దారిలో సిప్పిఘాట్ వద్ద అన్నయ్య జీపు ఆపించారు. రోడ్డు ప్రక్కన నీళ్ళు, వాటిలో మోడులు. "ఇవి వరిపొలాలు" అన్నారు. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్‌లో నేల సుమారు మీటరు క్రుంగింది. సునామీతో పొలాల్లోకి వచ్చిన సముద్రం మరి తిరిగి వెళ్ళలేదు. అదే భూకంపంలో ఉత్తరపు దీవుల తీరం పైకి లేచి, నీటిలో ఉండవలసిన పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయాయి. ఒకచోట నేల మునిగి వరి పోయింది, మరొకచోట నేల లేచి పగడం పోయింది. మేము కొంతసేపు ఏమీ మాట్లాడలేకపోయాము. ఆ రోజు అన్నయ్య కుటుంబం కొండమీద ఉండబట్టి బ్రతికారు.

వండూరులో మా సంచులన్నీ విప్పించారు. ఆ దీవికి ప్లాస్టిక్ తీసుకొని వెళ్ళరాదు. మాస్టారి సతీమణి కవరులో కట్టి తెచ్చిన చేగోడీలు స్టీలు డబ్బాలోకి మారాయి. నీళ్ళ సీసాలు కూడా అంతే. విసుగుగా అనిపించిన మాట నిజమే గాని, సాయంత్రం దాకా ఆ దీవిమీద ఒక్క చాక్లెట్ కాగితం కనబడలేదు. మన దగ్గర మహాసభల మైదానాలు, సభ ముగిసిన తరువాత ఎట్లుంటాయో జ్ఞాపకం వచ్చి సిగ్గుపడ్డాను.

రేవులో మొసళ్ళున్నవని హెచ్చరిక బోర్డు ఉంది. పడవ మడచెట్ల మధ్య పాయగుండా నెమ్మదిగా సాగి, గంటలోపే దీవిని చేరింది. దీవిమీద ఇల్లు లేదు, దుకాణం లేదు. తెల్లని ఇసుక, వెనుక అడవి, అంతే.

మాకు నేర్పించిన కుర్రవాడు కూడా తెలుగువాడే. తాతగారు సిక్కోలు నుండి వచ్చారట. అతడు మొదట అడిగినది ఈత గురించి కాదు. "గుండెజబ్బు ఎవరికైనా ఉందా? బి.పి.? ఆయాసం?" అని. మాస్టారికి గుండెలో స్టెంటు వేసి మూడేళ్ళయింది. ఆ సంగతి చెప్పకుండా దిగాలని ఆయన ఉద్దేశం. సతీమణి ఊరుకుంటారా? "ఉందయ్యా, ఉంది" అని చెప్పేశారు. గొట్టం గుండా గాలి పీల్చడానికి మామూలుకంటె ఎక్కువ శ్రమ కావాలి. గుండె బలహీనమైనవారికి నీరు మ్రింగకుండానే ఉన్నట్టుండి ఆయాసం వచ్చి, ఒళ్ళు స్వాధీనం తప్పే ప్రమాదముంది. హవాయి దీవుల్లో ఇటువంటి మరణాలను పరిశీలించినవారు ఈ సంగతే చెప్పారు. మాస్టారు అలిగారు. అయితే అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలు ఉంటాయి. దంపతులిద్దరినీ దానిలో కూర్చుండబెట్టాము. చివరికి ఆయన చూచినన్ని చేపలు మాలో ఎవరమూ చూడలేదు.

ఇక మా పాఠం. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకున్నాము. అద్దం కళ్ళతోబాటు ముక్కునూ మూస్తుంది గనుక నోటితోనే ఊపిరి తీయాలి. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రాసి కడగాలి. నా భార్య, "ఛీ, ఇదేమిటండీ?" అంది గాని, రెండు నిమిషాల తరువాత తానే ఆ పని చేసింది. గొట్టంలో నీరు చేరితే గట్టిగా 'ఫూ' అని ఊదాలి. దర్జీ సహోదరునికి గుబురు మీసం. వెంట్రుకల సందుల్లోంచి నీరు ఎన్నిసార్లైనా లోపలికే వచ్చింది. "కొలత కుదరలేదయ్యా" అన్నారాయన. కుర్రవాడు మీసానికి వాజలైన్ దట్టంగా రాశాడు. అప్పటికి కుదిరింది.

నడుము లోతు నీళ్ళలో ఇసుకమీద నిలబడి, ముఖం ముంచాను. మొదటి ఊపిరి రాలేదు. నీటిలో ముఖం ఉండగా గాలి పీల్చవద్దని శరీరం మొరాయిస్తుంది. రెండోసారి కుర్రవాడు నా వీపుమీద చెయ్యి వేసి ఉంచాడు. గాలి వచ్చింది. చెవుల్లో నా శ్వాస తప్ప మరే చప్పుడూ లేదు.

అతడు గాలి నింపిన ట్యూబుకు మమ్మల్ని ఇద్దరిద్దరిని పట్టుకొమ్మని, లోపలికి లాక్కొనిపోయాడు. ఇసుక అయిపోయింది. చదువరులారా, నేను రాళ్ళు ఉంటాయనుకున్నాను. అక్కడ తోట ఉంది. కొమ్మలుగా, గుండ్లుగా, పళ్ళేలుగా, మనిషి మెదడులాగా మడతలు పడినవి. నారింజరంగు మీద తెల్లచారలున్న చేపపిల్లలు మెత్తని వేళ్ళవంటి జీవి ఒడిలో దూరుతున్నాయి. చిలుకముక్కువంటి నోరున్న పచ్చని చేప ఒకటి దిబ్బను కొరుకుతుంటే ఆ చప్పుడు నాకు వినబడింది! అది కొరికిన సున్నమే కడుపులో నలిగి ఇసుకగా బయటకు వస్తుంది. ఆ తీరపు తెల్లని ఇసుకలో చాలా భాగం అటువంటి చేపలు తయారు చేసినదేనట. నీటిలో ప్రతిదీ ఉన్నదానికంటె పెద్దగాను, దగ్గరగాను కనిపిస్తుంది. చేతికందుతుందని చెయ్యి చాస్తే అందదు.

ఇంతవరకు బాగుంది. ఇక నా తప్పు చెప్పాలి. ఎక్కడో పడవ వెళ్ళి అల వచ్చింది. గొట్టంలోకి ఉప్పునీరు, గొంతులోకి ఉప్పునీరు. ఊదడం మరచిపోయాను. అద్దం పీకేశాను. ట్యూబు వదిలేశాను. ఒంటిమీద జాకెట్ ఉన్నది, మునగను. ఆ సంగతి తలకు తెలుసు, కాళ్ళకు తెలియదు. అవి నేల వెదికాయి. ఏదో తగిలింది. బరువంతా మోపాను. ఎండుకొమ్మ విరిగినట్లు 'ఫట్' మన్నది.

"అయ్యగారూ, కాలెత్తండి! అది రాయి కాదు, బ్రతికున్నది! వెల్లకిలా తిరగండి!" అని కుర్రవాడు అరిచాడు.

వెల్లకిలా తిరిగాను. ఆకాశం కనబడింది, ఊపిరి ఆడింది. అంత సులువైన పని! పాదం చీరుకొని రక్తం వచ్చింది. పగడం కోసిన గాయం త్వరగా మానదు. నాకు మూడు వారాలు పట్టింది.

ఒడ్డున గాయం కడుగుతూ అతడు చెప్పినవి, తరువాత నేను చదివినవి కలిపి వ్రాస్తున్నాను. పగడం చెట్టూ కాదు, రాయీ కాదు. ఆవగింజంత, బఠాణీ గింజంత ఉండే జీవులు వేలకొద్దీ కలిసి సున్నంతో కట్టుకున్న ఇల్లు అది. వాటి ఒంటిలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండలో ఆహారం వండి పెడుతుంది, రంగూ ఇస్తుంది. సముద్రం మామూలు వేసవి వేడికంటె ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, నాచు వెళ్ళిపోతుంది. పగడం తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. అండమాన్‌లో 1998లోను, 2010 వేసవిలోను, 2016లోను అట్లు జరిగింది. ఇప్పుడు మేము చూచిన తోటలో బూడిదరంగు దిబ్బలు అనేకం. అవి చచ్చినవి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచమంతటా నాలుగవసారి పగడాలు పాలిపోతున్నాయని ప్రకటించారు. బక్ ఐలండ్ దగ్గర దుప్పి కొమ్ములవంటి పగడం పేరుపొందినది. తెగులుతోను, వేడితోను అక్కడ అది చాలావరకు పోయింది.

కొమ్మల పగడం ఏడాదికి మహా అయితే జానెడుకు సగం పెరుగుతుంది. గుండుగా ఉండేది ఒక సెంటీమీటరు. మన నడుము ఎత్తున్న గుండుకు వంద సంవత్సరాల వయస్సన్నమాట. నేను విరిచినది నా చెయ్యంత కొమ్మ. నాలుగైదేళ్ళ పెరుగుదల, ఒక్క క్షణంలో.

మధ్యాహ్నం మరొకటి జరిగింది. దర్జీ సహోదరుని కుమార్తె ఇసుకలో దొరికిన తెల్లని పగడపు ముక్కను రుమాలులో చుట్టుకుంది. హైదరాబాదులో స్నేహితురాలికి ఇద్దామని. కుర్రవాడు చూచి మెల్లగా, "చెల్లీ, చచ్చినదైనా తీసికెళ్ళకూడదు" అన్నాడు. 2001 నుండి ఈ పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితోబాటు మొదటి పట్టికలో ఉన్నాయి. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తండ్రి ఏదో అనబోయి, నా పాదం వైపు చూచి ఊరుకున్నారు. ఆమె వెళ్ళి ఆ ముక్కను నీటిలో వదిలి వచ్చింది. ఆమె తెచ్చుకున్న ఎండ క్రీమును గూడా కుర్రవాడు రాయనివ్వలేదు. నిండుచేతుల చొక్కా వేసుకొమ్మన్నాడు. కొన్ని క్రీముల్లోని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని, బక్ ఐలండ్ ఉన్న యు.ఎస్. వర్జిన్ ఐలండ్స్‌లో 2020 నుండి వాటిని నిషేధించారు.

ఇక మా అన్నయ్య సంగతి. పొద్దుటినుండి ఆయన ఒడ్డున బీడీ లేక తంటాలు పడుతూ కూర్చున్నారు. మూడు గంటలకు పడవ తిరుగు ప్రయాణం. అరగంట ఉందనగా లేచి, "ఆ గొట్టం ఇటివ్వు తమ్ముడూ" అన్నారు. ఆయనకు పాఠం అక్కరలేకపోయింది. లుంగీ బిగించి, జాకెట్ తొడిగించుకొని, ముఖం ముంచారు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. లేవలేదు. కుర్రవాడు రెండుసార్లు భుజం తట్టాడు. బాగానే ఉన్నానన్నట్లు చెయ్యి ఊపారు. పడవవాడు ఈల వేస్తే గాని బయటికి రాలేదు.

అద్దం తీశాక కళ్ళచుట్టూ గుండ్రని గుర్తు పడింది. చాలాసేపు పలకలేదు. పడవ మడచెట్ల మధ్యకు వచ్చిన తరువాత, "ముప్పై ఏళ్ళు వీటిని ప్రక్కకు పడి ఉండగానే చూచాను. నిలువుగా ఎట్లా తిరుగుతాయో ఇవాళే చూచాను" అన్నారు. తరువాత దర్జీ సహోదరుని కుమార్తెను దగ్గరకు పిలిచి, తాను చూచినవాటికి మా ఊళ్ళో ఏమేమి పేర్లో చెప్పసాగారు. ఆమె నోటుపుస్తకం తీసి వ్రాసుకుంది. వండూరు రేవు కనబడేసరికి పదునాలుగు పేర్లయ్యాయి. ఒక చేపకు మాత్రం పేరు చెప్పలేకపోయారు. "అది మా వలలో ఎప్పుడూ పడలేదమ్మా" అన్నారు.