ఫోను పోయినా ఖాతా పోరాదు: కొత్త ఫోనుకు పాత నంబరే తాళంచెవి

(ప్రత్యేక వ్యాసం)

శ్రీకాకుళం / విజయనగరం: సెల్‌ఫోను పోగొట్టుకొన్నవారు సాధారణంగా ముందుగా తలచుకొనేది దాని ఖరీదును. వాస్తవానికి ఫోను ఖరీదు కంటె దానితో ముడిపడిన ఖాతాల విలువ అనేక రెట్లు అధికం. బ్యాంకు ఖాతా, ఆధార్, భవిష్యనిధి, ఈ-మెయిల్, వాట్సాప్ మొదలైనవన్నీ నేడు ఒకే పది అంకెల నంబరును ఆధారం చేసుకొని ఉన్నవి. ఫోను పోయిన వెంటనే మరొక కొత్త నంబరు తీసుకొని, పాతదానిని మరచిపోవడం పలువురు చేస్తున్న పొరపాటు. కొత్త ఫోను కొనవచ్చును గాని, నంబరు మాత్రం పాతదే తిరిగి పొందవలెను. ఖాతాలన్నింటి తాళంచెవి ఆ నంబరే.

వలస కుటుంబాలకు మరింత అవసరం

ఈ విషయం ఉత్తరాంధ్ర జిల్లాలకు ప్రత్యేకించి వర్తిస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుండి అనేకులు హైదరాబాద్, చెన్నై నగరాలకు పనులకై వెళ్ళుచున్నారు. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వరకు వెళ్ళి వేటపడవలపై పనిచేస్తున్నారు. వారు ఇంటికి పంపే సొమ్ములో అధికభాగం ఫోను ద్వారానే చేరుతున్నది. పైడిభీమవరం పారిశ్రామికవాడ వంటి చోట్ల పనిచేసే కార్మికులు భవిష్యనిధి సొమ్ము కొరకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసినప్పుడు ఓటీపీ ఆధార్‌తో అనుసంధానమైన నంబరుకే వస్తుంది. అటువంటి వ్యక్తి ఫోను రైలులోనో, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వంటి జనసమ్మర్దంలోనో పోయినచో, ఊరిలోని కుటుంబానికి ఆ నెల ఖర్చు అందక ఆగిపోయే ప్రమాదమున్నది.

మొదట ఆపవలసినది సిమ్

ఫోనుకు తాళం వేసి ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండుట తగదు. ఆ తాళం ఫోనుకే గాని సిమ్ కార్డుకు కాదు. దొంగ సిమ్‌ను తీసి మరొక ఫోనులో వేసినచో ఓటీపీలు అతని చేతికే చేరును. కాబట్టి ఏదైనా ఇతర ఫోను నుండి టెలికాం సంస్థకు తెలియజేసి, సిమ్‌ను తక్షణమే నిలుపుదల చేయించవలెను. తదుపరి అసలు గుర్తింపు పత్రంతో సంస్థ కేంద్రానికి స్వయంగా వెళ్ళి అదే నంబరుపై డూప్లికేట్ సిమ్ పొందవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండూ ఒకే టెలికాం సర్కిల్ పరిధిలో ఉన్నందున హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇది కొంత సులభం. ఇతర రాష్ట్రాలలో ఉన్నవారు అక్కడి సంస్థ కార్యాలయంలో విచారించవలెను. సిమ్ చేతికి వచ్చుటకు జాప్యమైనా, నిలుపుదల మాత్రం ఫోను ద్వారానే వెంటనే చేయించవచ్చును.

ఇక్కడ ఎదురయ్యే ప్రధాన సమస్య పేరు. కుమారుడు వాడుతున్న సిమ్ తండ్రి పేరిట, భార్య వాడుతున్నది భర్త పేరిట, కొన్ని సందర్భాలలో మరణించిన వ్యక్తి పేరిట ఉండుట గ్రామాలలో సాధారణం. డూప్లికేట్ సిమ్ రికార్డులో పేరున్న చందాదారునికే ఇస్తారు. భర్త వేరావల్‌లో ఉండగా ఇంట ఫోను పోయినచో భార్యకు ఆ నంబరు తిరిగి లభించుట కష్టమగును. కావున వాడుకలో ఉన్న నంబరును వాడుకదారు పేరిటకు ముందుగానే మార్పించుకొనవలెను. ఒకరి పేరిట ఎన్ని నంబర్లు ఉన్నవో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకొనవచ్చును.

ఇరవైనాలుగు గంటల విరామం

డూప్లికేట్ సిమ్ పనిచేయుట ప్రారంభించిన తరువాత మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్ సౌకర్యం ఉండదు. సిమ్ చెడిపోయినదని భావించి పలువురు మరల మరల కేంద్రానికి తిరుగుట జరుగుతున్నది. ఇది లోపం కాదు, రక్షణ. మోసగాళ్ళు ఇతరుల నంబరుపై సిమ్ సంపాదించి వెంటనే ఓటీపీలతో ఖాతాలు ఖాళీ చేయకుండా ఈ విరామమును విధించినారు. ఇదే ఉద్దేశంతో, సిమ్ మార్చిన ఏడు రోజులలోపు ఆ నంబరును వేరే సంస్థకు మార్చుటకు వీలులేకుండా చేసిన నిబంధన 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది.

యూపీఐ యాప్ కొత్త ఫోనులో నమోదగుటకు ఆ ఫోను నుండి బ్యాంకుకు ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళవలెను. సిమ్, ఫోను, ఖాతా మూడూ ఒకే వ్యక్తివని బ్యాంకు ఆ సందేశంతోనే నిర్ధారించుకొంటుంది. అందుచేత మొదటి రోజున యూపీఐ నమోదు కాకపోయిన కంగారుపడనవసరం లేదు. మరుసటి రోజు నమోదు చేసుకొని, డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీతో గాని, ఆధార్ ఓటీపీతో గాని కొత్త పిన్ ఏర్పాటు చేసుకొనవచ్చును. సొమ్ము ఉండేది బ్యాంకు ఖాతాలోనే గాని ఫోనులో కాదు. ఈలోగా అత్యవసరమైనచో పాస్‌పుస్తకంతో శాఖలో గాని, ఆధార్ అనుసంధానమైన ఖాతాదారులు వేలిముద్రతో గ్రామంలోని బ్యాంకు మిత్ర వద్ద గాని నగదు తీసుకొనవచ్చును.

బ్యాంకుకు చెప్పిన సమయం విలువైనది

సిమ్ నిలుపుదల చేయించిన వెనువెంటనే బ్యాంకుకు తెలియజేసి యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ సేవలను ఆపించవలెను. ఫోను నంబరును పాస్‌పుస్తకం లేదా డెబిట్ కార్డు వెనుక భాగం నుండి మాత్రమే తీసుకొనవలెను. ఇంటర్నెట్‌లో వెదకిన కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్ళవి కూడా ఉంటున్నవి. అనధికార లావాదేవీల విషయమై రిజర్వు బ్యాంకు 2017 జూలైలో నిర్దేశించిన సూత్రం ప్రకారం, ఖాతాదారు బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగిన నష్టం బ్యాంకుదే. కనుక ఫిర్యాదు సంఖ్యను, తేదీని, సమయమును వ్రాసి ఉంచుకొనుట అవసరం. అప్పటికే సొమ్ము పోయి ఉన్నచో 1930 నంబరుకు ఆలస్యం లేకుండా ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయించుటకు ఈ తొలి గంటలే కీలకం.

పోయిన ఫోనును నిరుపయోగం చేయుట

ప్రతి ఫోనుకు ఐ.ఎం.ఇ.ఐ. అను 15 అంకెల సంఖ్య ఉన్నది. 2023 మే నెలలో దేశవ్యాప్తమైన సి.ఇ.ఐ.ఆర్. విధానం ద్వారా ఈ సంఖ్యను నిరోధించినచో ఆ ఫోను దేశంలోని ఏ టెలికాం నెట్‌వర్కుపైనా పనిచేయదు. ఇందుకు పోలీసు ఫిర్యాదు ప్రతి, గుర్తింపు పత్రం, ఓటీపీ అందుకొనుటకు నంబరు అవసరం. ఓటీపీ కూడా ఎస్సెమ్మెస్ ద్వారానే వచ్చును గనుక డూప్లికేట్ సిమ్ ముందుగా పొందుట ఇక్కడ కూడా ఉపయుక్తం. ఫోను దొరికిన తరువాత దరఖాస్తు సంఖ్యతో నిరోధమును తొలగించుకొనవచ్చును. దొంగతనం జరిగినది వేరొక స్టేషను పరిధి అయినప్పటికీ, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం సమీప పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవచ్చును. రైలులో పోయినచో 139కి తెలియజేయవలెను.

ఫోనును నిరోధించినంత మాత్రాన ఖాతాలకు రక్షణ లభించినట్లు కాదు. నిరోధించిన ఫోను సైతం వైఫైపై పనిచేయగలదు. కావున గూగుల్ ఖాతాలోని పరికరాన్ని కనుగొనే సేవ ద్వారా పోయిన ఫోనుకు దూరం నుండియే తాళం వేయుట, ఆ ఖాతా నుండి దానిని తొలగించుట వేరుగా చేయవలెను.

వాట్సాప్, గూగుల్ ఖాతాలు

వాట్సాప్ తిరిగి పొందుట సులభం. కొత్త ఫోనులో అదే నంబరుతో నమోదు చేసుకొనగానే పాత ఫోనులోనిది తనంతట తానే ఆగిపోవును. ఎస్సెమ్మెస్ రాని మొదటి రోజున, ధ్రువీకరణ సంకేతమును ఫోను కాల్ ద్వారా పొందే మార్గమును ఎంచుకొనవచ్చును. రెండంచెల భద్రతా పిన్ మరచిపోయి, ఈ-మెయిల్ కూడా ఇచ్చి ఉండనిచో ఏడు రోజులు వేచి ఉండవలెను. బ్యాకప్ లేని పాత సందేశాలు మాత్రం తిరిగి రావు.

గూగుల్ ఖాతా విషయంలో కొంత ఓర్పు అవసరం. ఇంతకుముందు అదే ఖాతాతో వాడిన కంప్యూటరు నుండి, అలవాటైన ప్రదేశం నుండి ప్రయత్నించినచో ఖాతాదారును గుర్తించుట ఆ సంస్థకు తేలికగును. ముందుగానే తీసి ఉంచుకొన్న పది బ్యాకప్ సంకేతాలలో ఒక్కొక్కటి ఒక్కొక్కసారి పనిచేయును. రుసుము తీసుకొని ఖాతా తెరిపించెదమని చెప్పేవారిని, ఫోనుకు వచ్చిన సంకేతం చెప్పమని అడిగేవారిని నమ్మరాదు.

పాత నంబరు వదలివేసినచో

వాడుకలో లేక రద్దయిన నంబరును నిర్ణీత కాలం తరువాత టెలికాం సంస్థలు మరొకరికి కేటాయిస్తాయి. అప్పటికి ఆ నంబరు బ్యాంకు, ఆధార్ రికార్డులలో ఇంకా కొనసాగుచున్నచో, పాత ఖాతాదారు ఓటీపీలు అపరిచితుని ఫోనుకు చేరును. పాత నంబరు పొందుట నిజంగా సాధ్యపడనిచో, బ్యాంకు శాఖలో, ఆధార్ కేంద్రంలో కొత్త నంబరును నమోదు చేయించిన పిమ్మటనే పాతదానిని వదలవలెను. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో నంబరు మార్చుకొనుటకు పాత నంబరుకు వచ్చే ఓటీపీ అవసరం లేదు.

ఈనాడే చేయదగిన పనులు

*#06# నొక్కి, కనిపించిన 15 అంకెల సంఖ్యను కాగితంపై వ్రాసుకొనవలెను. రెండు సిమ్‌ల ఫోనులో రెండు సంఖ్యలు ఉండును. కొనుగోలు రశీదు, గూగుల్ బ్యాకప్ సంకేతాలు, బ్యాంకు ఫోను నంబరు ఆ కాగితంతో కలిపి ఇంటిలో భద్రపరచవలెను. వలస వెళ్ళేవారు ఒక ప్రతిని ఇంటివారికి ఇచ్చుట మంచిది. సిమ్‌కు ప్రత్యేక పిన్ పెట్టుకొనవలెను. ఏటీఎం పిన్‌ను, పాస్‌వర్డ్‌లను ఫోనులో వ్రాసి ఉంచరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు విద్యుత్తు, సెల్ సేవలు స్తంభించిన ఉద్దానం గ్రామాల వారికి కాగితంపై వ్రాసి ఉంచుకొన్న సమాచారం విలువ చెప్పనవసరం లేదు.

గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది, స్వయం సహాయక సంఘాల సమావేశాలు నిర్వహించే అధికారులు ఈ క్రమమును ప్రజలకు వివరించినచో ఎంతో మేలు జరుగును. ముందుగా సిమ్ నిలుపుదల, వెంటనే బ్యాంకుకు సమాచారం, తరువాత పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్, ఐ.ఎం.ఇ.ఐ. నిరోధం, చివరగా కొత్త ఫోనులో ఖాతాల పునరుద్ధరణ. పండుగలకు, జాతరలకు, వలసల కాలానికి ముందు పాత్రికేయ మిత్రులు ఈ క్రమమును ప్రచురించినచో, పోయిన ఫోనుతో పాటు ఒక కుటుంబపు కష్టార్జితం పోకుండా కాపాడినవారగుదురు.