ఫిల్టర్ బెడ్‌లో ఇసుక ఎప్పుడు మార్చారు? నాగావళి ఇసుక తెచ్చి పోసేస్తే సరిపోతుందా?

పొందూరు: వానలు మొదలయ్యాయంటే చాలు, ఉత్తరాంధ్ర పల్లెల్లో డయేరియా భయం మొదలవుతుంది. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో ఏం జరిగిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. వాంతులు, విరేచనాలతో జనం మంచం పట్టారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. డిప్యూటీ సీఎం పవన్ కల్యాణ్ అక్టోబర్ 21న అక్కడికి వెళ్లి బాధిత కుటుంబాలతో మాట్లాడారు. మంచినీటి పథకాల నిర్వహణ మీద అప్పుడు జరిగిన చర్చలో ఫిల్టర్ బెడ్ల మాట కూడా వచ్చింది. పైపుల లీకేజీలు, నది ఒడ్డున బహిరంగ మలవిసర్జన లాంటివి కూడా చర్చకొచ్చాయి కాబట్టి తప్పంతా ఇసుకదే అనలేం. కానీ అసలు ఈ ఫిల్టర్ బెడ్ ఏంటి, అందులో ఇసుక ఎందుకు మార్చాలి, ఎలా మార్చాలి అన్నది మాత్రం చాలామందికి తెలీదు.

చెలమ నీళ్లు గుర్తున్నాయా?

ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను ముంతతో తోడుకోవడం మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. పక్కనే ఏరు బురదగా పారుతున్నా చెలమలో నీళ్లు తేటగా ఉండేవి. ఫిల్టర్ బెడ్ కూడా అంతే. సిమెంటు తొట్టి కట్టి, అడుగున నీళ్లు బయటకు పోయే కాలువలు పెడతారు. వాటి మీద గులకరాళ్లు, ఆ పైన దాదాపు మీటరు మందాన సన్న ఇసుక వేస్తారు. ఇసుక మీద మరో మీటరు ఎత్తున నీళ్లు నిలబెడతారు. ఆ నీళ్లు గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున మెల్లగా కిందికి దిగుతాయి. అందుకే దీన్ని స్లో శాండ్ ఫిల్టర్ అంటారు.

చిన్న లెక్క చూద్దాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న బెడ్ గంటకు 10 వేల లీటర్లు, రోజుకు 2 లక్షల 40 వేల లీటర్లు ఇస్తుంది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అనుకుంటే, ఒక్క బెడ్ నాలుగు వేల మందికి పైగా సరిపోతుంది. అంటే ఒక్క బెడ్ పాడైతే అంతమందికీ ఇబ్బందే.

పని చేసేది ఇసుక ఒక్కటే కాదు

ఇసుక జల్లెడలా మురికిని ఆపుతుందని అనుకుంటాం. అది సగమే నిజం. బ్యాక్టీరియా ఇసుక రేణువుల సందుల కంటే చాలా చిన్నది, సులువుగా దూరిపోగలదు. దాన్ని ఆపేది ఇసుక పైభాగంలో తయారయ్యే జిగురు పొర. నాచు, సూక్ష్మజీవులు కలిసి ఏర్పడే ఈ పొర నీళ్లలోని రోగక్రిములను పట్టేస్తుంది, తినేస్తుంది. పొందూరులో ఖద్దరు కోసం పత్తి ఏకేటప్పుడు వాలుగ చేప దవడ వాడతారు కదా, ఆ సన్నటి పళ్లకు చెత్త చిక్కుకున్నట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ ఆ పళ్లు ప్రాణమున్నవి. కొత్తగా పోసిన ఇసుకకు ఈ పొర ఉండదు. తయారవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

ఈ పాయింట్ ఎంత ముఖ్యమో జర్మనీలో జరిగిన ఒక కథ చెబుతుంది. 1892లో హాంబర్గ్ నగరంలో కలరా 8 వేల మందికి పైగా పొట్టనబెట్టుకుంది. ఆ ఊరివాళ్లు ఎల్బే నది నీళ్లను ఫిల్టర్ చేయకుండానే తాగేవాళ్లు. పక్కనే ఉన్న ఆల్టోనా కూడా అదే నది నీళ్లు తాగేది, అదీ హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాత కింది వైపు నుంచి తీసుకుని. కానీ ఇసుక ఫిల్టర్లు ఉన్నాయి కాబట్టి పెద్దగా దెబ్బ తినలేదు. అక్కడితో ఆగితే మామూలు కథే. ఆ తర్వాత చలికాలంలో ఆల్టోనాలోనూ కొన్ని కలరా కేసులు వచ్చాయి. శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ఆరా తీస్తే, గడ్డకట్టే చలిలో శుభ్రం చేసిన ఒక ఫిల్టర్ బెడ్ సరిగ్గా పని చేయలేదని తేలింది. అంటే ఫిల్టర్‌ను శుభ్రం చేసిన వెంటనే వచ్చే రోజులే ప్రమాదకరమైనవి.

మరి ఇసుక ఎప్పుడు మార్చాలి?

పై పొర మందమయ్యే కొద్దీ నీళ్లు దిగడం తగ్గిపోతుంది. అప్పుడు నీటిమట్టాన్ని ఇసుక కంటే కొంచెం కిందికి దించి, పైన రెండు సెంటీమీటర్ల ఇసుకను పారలతో గీకి తీసేస్తారు. ఇలా గీకిన ప్రతిసారీ బెడ్ రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. మీటరు ఇసుక అర మీటరు అయ్యేసరికి 25 సార్లు గీకినట్టు. రెండు నెలలకోసారి గీకితే నాలుగేళ్లు. ఇక అప్పుడు కొత్త ఇసుక వేయాల్సిందే. వానాకాలంలో బురద నీళ్లు వస్తే ఇంకా ముందే ఆ పరిస్థితి వస్తుంది. మన పది మీటర్ల బెడ్‌కు అర మీటరు ఇసుక అంటే 50 ఘనపు మీటర్లు, బరువులో 75 టన్నుల పైనే. కూలీలు, రవాణా, కడగడం అన్నీ కలిస్తే పంచాయతీకి చిన్న ఖర్చేం కాదు. వాయిదా పడేది ఇందుకే.

ఇక్కడే టైటిల్‌లో ఉన్న ప్రశ్న వస్తుంది. చుట్టూ నాగావళి, వంశధార ఉండగా ఇసుకకు కొరతేంటి, నాలుగు ట్రాక్టర్లు తెచ్చి పోసేయొచ్చు కదా? పోయొచ్చు, కానీ నేరుగా కాదు. ఇల్లు కట్టే ఇసుకలో సన్నం, లావు, మట్టి అన్నీ కలిసి ఉంటాయి. ఫిల్టర్‌కు కావాల్సిన రేణువు చాలా సన్నం, మిల్లీమీటర్‌లో మూడో వంతు, అంతకంటే తక్కువ. పైగా అన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి. లేకపోతే లావు రేణువుల సందుల్లోకి సన్నవి దూరి బెడ్ బిగుసుకుపోతుంది. అందుకే జల్లెడ పట్టాలి, మట్టి పోయేదాకా కడగాలి, పరీక్ష చేయించాలి. సముద్రం దగ్గరే ఉంది కదా అని బీచ్ ఇసుక అస్సలు వద్దు. అందులో ఉప్పు ఉంటుంది, గవ్వల ముక్కలు ఉంటాయి.

మట్టి ఎంతుందో మీరే చూడొచ్చు. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి గట్టిగా ఊపి కాసేపు వదిలేయండి. ఇసుక అడుగుకు చేరాక దాని మీద మెత్తటి మట్టి పొర కనిపిస్తే, ఆ ఇసుకను ఇంకా కడగాల్సి ఉంది.

పోసే పద్ధతిలో కూడా ఒక కిటుకు ఉంది. కొత్త ఇసుకను పైన వేయకూడదు. పాత ఇసుకను ఒక పక్కకు తీసి, కొత్తది కింద వేసి, మళ్లీ పాతదాన్ని పైన పరుస్తారు. పాత ఇసుకలో సూక్ష్మజీవులు అప్పటికే ఉంటాయి కాబట్టి పైపొర త్వరగా తయారవుతుంది. పెరుగు తోడేసినట్టే. తర్వాత నీళ్లను కింది నుంచి మెల్లగా ఎక్కించాలి, ఇసుకలో ఇరుక్కున్న గాలి పోవాలంటే అదొక్కటే దారి. మొదట్లో వచ్చే నీళ్లను ట్యాంకుకు పంపకుండా బయటకు వదిలేయాలి. హడావుడిగా పని ముగించే చోట ఎగిరిపోయేది ఈ చివరి స్టెప్పే. సాయంత్రానికల్లా కుళాయిలు తిప్పేయాలనే ఒత్తిడి ఉంటుంది మరి.

స్విమ్మింగ్ పూల్ ఉన్నవాళ్లకు ఒక మాట

రిసార్టుల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండే పూల్ ఫిల్టర్ వేరే రకం. మూసిన డ్రమ్ములో పంపు ఒత్తిడితో నీళ్లు వేగంగా పోతాయి. ఇసుక కొంచెం లావు, అర మిల్లీమీటరు పైన. ఇక్కడ గీకడం ఉండదు, నీళ్లను వెనక్కి తిప్పి కడుగుతారు. మామూలుగా ఐదారేళ్లకోసారి ఇసుక మార్చమంటారు. మార్చేటప్పుడు పంపు ఆపి, ఒత్తిడి మొత్తం వదిలాకే మూత తీయాలి. అడుగున ఉండే ప్లాస్టిక్ పైపులు విరగకుండా ముందు సగం వరకు నీళ్లు నింపి, ఆ తర్వాత ఇసుక పోయాలి. పొడి ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ తప్పనిసరి.

మీ ఊళ్లో ఏం అడగాలి?

ముందు మీ పథకానికి ఫిల్టర్ బెడ్ ఉందో లేదో కనుక్కోండి. బోరు నీళ్లు ట్యాంకుకు ఎక్కించి క్లోరిన్ కలిపి వదిలే ఊళ్లలో అది ఉండకపోవచ్చు. ఉంటే సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను గానీ, ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈని గానీ మూడు విషయాలు అడగండి: చివరిసారి ఎప్పుడు గీకారు, ఇప్పుడు ఇసుక ఎంత మందం ఉంది, కొత్త ఇసుక ఎప్పుడు వేశారు. నోటి లెక్క కాదు, రిజిస్టర్ చూపించమనండి. ఇసుక మార్చారని తెలిస్తే కొన్నాళ్లు నీళ్లు కాచి చల్లార్చి తాగండి. ఫిల్టర్ బాగున్నా క్లోరిన్ మానకూడదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది బీఐఎస్ ప్రమాణం. ఇంకో సంగతి, నీళ్లలో కరిగిన ఫ్లోరైడ్, ఉప్పులను ఇసుక తీయలేదు, దానికి వేరే ప్లాంట్ కావాల్సిందే.

నీళ్ల మీద అనుమానం ఉంటే హెచ్‌టూఎస్ సీసా పరీక్ష చేయించండి. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షల్లో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉంది. చిన్న సీసాలో గీత వరకు నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. నీళ్లు నల్లగా మారితే మలసంబంధ బ్యాక్టీరియా ఉన్నట్టే లెక్క. అప్పుడు ఆ నీళ్లు తాగడం ఆపి, వెంటనే ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబ్‌కు శాంపిల్ పంపించమని అడగండి.