కొత్త హెడ్‌ఫోను కొనాలా, వద్దా?

మీలో చాలామందికి హెడ్‌ఫోను కొత్త వస్తువు కాదు. పాఠాలు వినటానికీ, పాటలు వినటానికీ రోజూ దాన్ని చెవులకు తగిలించుకుంటూనే ఉంటారు. అయితే, ఉన్నదాన్ని పక్కన పెట్టి అంతకన్న ఖరీదైనది కొనాలా, వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు శాస్త్రీయంగా ఆలోచించి తేల్చుకునేవారు తక్కువ. మా మేనల్లుడి సంగతి చెపుతాను, వినండి.

వాడు పదో తరగతి చదువుతున్నాడు. సంగీతమంటే ప్రాణం. కిందటి సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు, "మామయ్యా, పండగలకు అమ్మమ్మా తాతయ్యా ఇచ్చిన డబ్బంతా దాచాను. ఏడువేలు పోగయింది. మంచి హెడ్‌ఫోను కొనుక్కుంటాను," అన్నాడు.

"ఉన్నదానికేం వచ్చిందిరా?" అని అడిగాను.

"మూడేళ్ళనాటిది. మృదంగం ఎడమవైపు మోత అసలు వినపడటం లేదు. వీణ పీలగా పలుకుతున్నది. దుకాణంలో ఇరవైవేలది పెట్టుకుని చూశాను. ఏం చెప్పను! అంత కొనలేను గాని, ఏడువేలది అందులో సగమైనా ఉండదా?"

"సరే, కొందువుగాని. ముందు రెండు రోజులు పరీక్షలు చేద్దాం," అన్నాను.

హెడ్‌ఫోను ఎలా పలుకుతుందో మొదట తెలుసుకోవాలి. దానిలో ఒక అయస్కాంతమూ, సన్నని తీగచుట్టా, ఆ చుట్టకు అంటించిన పలచని పొరా ఉంటాయి. తీగలో విద్యుత్తు అటూ ఇటూ ప్రవహిస్తే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితోపాటు పొర కదిలి గాలిని తోస్తుంది. ఆ గాలి అలలే మన చెవికి పాట. పొర సెకనుకు 20 సార్లు ఊగితే మనకు వినిపించే అతి మంద్రమైన ధ్వని, 20,000 సార్లు ఊగితే అతి కీచుధ్వని పుడతాయి. కొన్ని పెట్టెల మీద 40,000 దాకా పలుకుతుందని గొప్పగా అచ్చు వేస్తారు. అది గబ్బిలాలకు ఉపయోగపడవచ్చు గాని, మనకు కాదు!

హెడ్‌ఫోను చరిత్ర కూడా చిత్రమైనదే. 1910 ప్రాంతంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటగదిలో కూచుని హెడ్‌ఫోనులు చేసి, నౌకాదళానికి అమ్మాడు. వాటితో నావికులు తంతిలేని వార్తలు వినేవారు. సంగీతం కోసం, రెండు చెవులకూ వేరువేరు ధ్వనులు వినిపించే స్టీరియో హెడ్‌ఫోనును 1958లో జాన్ కాస్ అనే ఆయన మిల్వాకీ నగరంలో ప్రవేశపెట్టాడు. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ కంపెనీవారు, వెనకభాగం మూసెయ్యకుండా గాలి ఆడేటట్టు వదిలిన హెడ్‌ఫోనును తెచ్చారు. దానిని "ఓపెన్" రకం అంటారు. ఈనాటికీ మూసినదీ, తెరిచినదీ అని రెండు రకాలు ఉన్నాయి.

ఇక మా పరీక్షలు. మొదట వాడి పాత హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. అది మూసిన రకం. చెవుల చుట్టూ ఆనే మెత్తలు పగిలి, పైతొడుగు పొలుసులుగా రాలుతున్నది. "ఒరే, మృదంగం పాట పెట్టి, రెండు అరచేతులతో వీటిని చెవులకు మెల్లిగా అదిమి పట్టుకో," అన్నాను.

వాడు అలాగే చేసి, కళ్ళు పెద్దవి చేశాడు. "మామయ్యా! ఎడమవైపు మోత వచ్చేసింది!"

ఇందులో మాయ ఏమీ లేదు. మంద్రధ్వనిలో పొర నెమ్మదిగా ఊగుతుంది. మెత్తలు సరిగా ఆనకపోతే, పొర తోసిన గాలి ఆ సందుల్లోనుంచి తప్పించుకుపోతుంది. చెవిలో ఒత్తిడి ఏర్పడదు, మోత వినపడదు. కీచుధ్వనుల్లో పొర చాలా వేగంగా ఊగుతుంది కనక గాలి తప్పించుకునే వ్యవధి ఉండదు. అందుకే వీణ తీగ గీకినట్టు వినపడి, నిండుతనం పోయింది. కళ్ళజోడు కాడలు అడ్డం వచ్చినా, జుట్టు చిక్కుకున్నా ఇదే జరుగుతుంది.

రెండో పరీక్షకు మా పక్కింటాయన సాయం చేశారు. ఆయన దగ్గర ఇరవైవేల పైచిలుకు ఖరీదు చేసే తెరిచిన రకం హెడ్‌ఫోను ఉన్నది. ఒక్కరోజుకు ఎరువిచ్చారు. వాడు ఆత్రంగా దాన్ని తన ఫోనుకు తగిలించి విని, ముఖం ముడుచుకున్నాడు. "ఇదేమిటి, ఇంత మెల్లిగా పలుకుతున్నది?"

దాని మీద 300 ఓములు అని రాసి ఉన్నది. వాడిది 32 ఓములు. మీరు పాఠంలో చదివిన లెక్కే ఇక్కడ పనిచేస్తుంది. వోల్టుల వర్గాన్ని ఓములతో భాగిస్తే శక్తి వస్తుంది. ఒక వోల్టు ఇస్తే వాడి పాతది సుమారు 31 మిల్లీవాట్లు తీసుకుంటుంది. 300 ఓములది మూడు మిల్లీవాట్లకు కాస్త ఎక్కువ మాత్రమే తీసుకోగలదు. అంటే అటువంటి హెడ్‌ఫోను కొంటే, చాలాసార్లు దానికి తోడు యాంప్లిఫయరు కూడా కొనాలి! ఏనుగును కొన్నవాడు అంకుశం కూడా కొనుక్కోక తప్పదు గదా. ఆ సాయంకాలం పక్కింటాయన యాంప్లిఫయరు దగ్గర కూచుని విన్నాం.

మూడో పరీక్షే అన్నిటికన్న ముఖ్యమైనది. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు, మెల్లిగా వినేటప్పుడు మన చెవికి మంద్రధ్వనులు మరీ తక్కువగా వినపడతాయని కొలిచి చూపారు. కనక అదే పాటను కాస్త గట్టిగా పెడితే నిండుగా, మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది. దుకాణంలో మా వాడు స్వర్గం చూసినది బహుశా అందువల్లనే కావచ్చు! ఏది మంచిదో తెలియాలంటే రెండూ ఒకే గట్టితనంతో పలకాలి. మేము తంబుర శ్రుతిని పెట్టి, రెండిట్లోనూ సమానంగా వినపడేదాకా ధ్వని సరిచేశాం. ఆ తరవాతనే పాటలు విన్నాం. పాతదాన్ని మటుకు చేతులతో అదిమి పట్టుకోవలసి వచ్చింది.

నాలుగోది, వినేది ఏమిటో చూసుకోవటం. వాళ్ళ అమ్మమ్మకు ఇష్టమైన "మల్లీశ్వరి" పాటలు పెట్టాం. ఆ సినిమా 1951లో వచ్చింది. అప్పటి మన సినిమా పాటలు ఒకే ధ్వనిమార్గంలో రికార్డయినవి. రెండు చెవులకూ వినపడేది ఒకటే. ఖరీదైన హెడ్‌ఫోనులో ఘంటసాలగారి గొంతు కాస్త స్పష్టంగా ఉన్నమాట నిజమే. దానితోపాటు పాత రికార్డింగులోని బుస్సుమనే చప్పుడు కూడా స్పష్టంగానే వినిపించింది!

వాడు రెండూ మార్చి మార్చి గంటసేపు విని, చివరకు నిజాయితీగా చెప్పాడు: "పక్కింటాయనది బాగానే ఉన్నది, మామయ్యా. ఒక్కొక్క వాద్యం విడివిడిగా తెలుస్తున్నది. కాని నేను అనుకున్నంత తేడా లేదు. పైగా వంటింట్లో కుక్కరు ఈలలన్నీ వినపడుతున్నాయి."

"నీ పాట కూడా మాకందరికీ వినపడుతున్నది," అన్నది వాళ్ళ అమ్మమ్మ పక్కనుంచి. తెరిచిన రకంలో ఉన్న చిక్కే ఇది. ఒంటరి గది ఉన్నవారికి అది హాయి. నలుగురూ ఉండే ఇంట్లో కాదు.

ఖరీదు పెరిగినంత మాత్రాన ధ్వని పెరగదని శాస్త్రజ్ఞులు కూడా చూశారు. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే ఆయన 200 పైచిలుకు హెడ్‌ఫోనుల కొలతలను ప్రకటించాడు. మంద్రం నుంచి తారం దాకా ఏ స్థాయి ఎంత గట్టిగా పలుకుతుందన్నదానికీ, వాటి ధరకూ సంబంధం కనిపించలేదు.

ఆఖరున నేను వాణ్ణి ఒక ప్రశ్న అడిగాను. "మెత్తలు చెడినప్పటినుంచీ మోత కోసం ధ్వని బాగా పెంచి వింటున్నావు కదూ?"

వాడు తల వంచుకుని, "రాత్రి పడుకునేటప్పుడు చెవుల్లో గుయ్‌మంటున్నది," అన్నాడు.

నాకు గుండె గతుక్కుమన్నది. మన చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగంలో సుమారు 15,000 సున్నితమైన రోమకణాలు ఉన్నాయి. ధ్వనిని మెదడుకు అందించేవి అవే. గట్టి ధ్వనుల దెబ్బకు అవి చనిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదనీ, పిల్లలకు 75 డెసిబెల్లులే హద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెపుతున్నది. మూడు డెసిబెల్లులు పెరిగినప్పుడల్లా వ్యవధి సగానికి పడిపోతుంది. అంటే పిల్లలు 78 అయితే 20 గంటలు, 81 అయితే 10 గంటలు, 84 అయితే 5 గంటలే వినాలి.

మర్నాడే చెవుల వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పరీక్షించి, వినికిడి బాగానే ఉన్నదనీ, ఇకముందు ధ్వని తగ్గించి వినమనీ చెప్పారు. తిరిగి వస్తూ కొన్ని వందల రూపాయలతో కొత్త మెత్తలు కొన్నాం. అవి తొడిగాక మునుపటికన్న సగం ధ్వనికే మృదంగం రెండువైపులా పలికింది. మిగతా డబ్బు వాడి డబ్బీలోకే తిరిగి వెళ్ళింది.

హెడ్‌ఫోను ఎన్నడూ మార్చరాదని నా ఉద్దేశం కాదు. అది బరువై తల నొప్పి పుట్టిస్తున్నా, ఒక చెవి పలకకపోయినా, వినే గదికి సరిపడని రకమైనా మార్చవలసిందే. కాని కొనేముందు మీరు కూడా ఈ పరీక్షలు చేసి చూడండి. మెత్తలు అదిమి చూడండి. ధ్వని సమానంగా పెట్టి పోల్చండి. కొత్తది వస్తే పాతది చెయ్యలేని పని ఏది చేస్తుందో ఒక కాగితం మీద రాయండి. రాయటానికి ఏమీ తోచకపోతే, డబ్బు దాచుకోండి. హెడ్‌ఫోను పోతే ఇంకొకటి వస్తుంది; మీకున్నవి మాత్రం రెండే చెవులు.