ఆనపకాయ బుర్ర నుండి థర్మాసు సీసా వరకు

సిరిసిల్ల ప్రాంతమున ఎండకాలమందు పొలమునకును, గొర్రెల వెంటను పోవువారు ఆనపకాయ బుర్రలో నీరు నింపి, త్రాటితో భుజమునకు తగిలించుకొనుట మనమెరిగినదే. గుజ్జు తీసి ఎండబెట్టిన ఆ డొల్ల బయటి వేడిని త్వరగా లోనికి రానీయదు. పగులనంత వరకు ఏండ్ల తరబడి పనికివచ్చును. ఈ పనినే గాజుతో సాధించిన థర్మాసు సీసా కథను నేడు ముచ్చటింపదలచితిమి.

1892లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో జేమ్స్ డ్యూఅర్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు మిక్కిలి శీతలమైన ద్రవవాయువులపై పరిశోధనలు జరుపుచుండెను. సామాన్యపు పాత్రలలో అవి త్వరగా ఆవిరియై పోవుచుండెను. అందుచే ఆయన ఒక గాజుపాత్రలో మరియొకదానిని ఇమిడ్చి, మూతివద్ద రెంటిని అతికి, నడుమనున్న గాలిని తీసివేసెను. వేడి ఒక వస్తువు గుండ గాని, కదలెడు గాలి వెంట గాని, కిరణముల రూపమున గాని ప్రయాణించును. గాలిలేని చోట మొదటి రెండు దారులును మూసికొనును. గాజునకు వెండిపూత పూసినచో కిరణములును చాలవరకు వెనుకకు మరలును. చల్లనిది చల్లగను, వేడిది వేడిగను నిలుచుటకు కారణమిదియే.

డ్యూఅర్ దీనికి పేటెంటు తీసికొనలేదు. ఇట్టి పాత్రలను తయారు చేయుచుండిన రైన్‌హోల్డ్ బర్గర్ అను జర్మను గాజుపనివాడు ఇవి ఇంటింటను ఉపయోగపడునని గ్రహించెను. పగులకుండ లోహపు తొడుగు అమర్చి 1903లో పేటెంటు పొందెను. 1904లో జర్మనీలో కంపెనీ ఏర్పడెను. వేడి అను అర్థమిచ్చు గ్రీకు పదము నుండి సీసాకు థర్మాస్ అను పేరు వచ్చెను. డ్యూఅర్ న్యాయస్థానమునకు వెళ్లినను ఫలము లేకపోయెను.

1907లో ఆ పేరుపై హక్కులను అమెరికా, కెనడా, ఇంగ్లండులలోని మూడు కంపెనీలు కొనెను. అమెరికాలో ఆ పేరెంతగా వ్యాపించెననగా, జనులు ఎవరు చేసిన సీసానైనను థర్మాసనియే పిలువసాగిరి. అది సామాన్యనామమైనదనియు, కొన్ని నియమములకు లోబడి ఇతరులును వాడుకొనవచ్చుననియు 1963లో అచటి న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఇట్లు కనిపెట్టినవానికి లాభము దక్కలేదు; అమ్మినవారికి అమెరికాలో పేరుపై పూర్తి హక్కును నిలువలేదు. గృహస్థులకు మాత్రము మేలే కలిగెను. ఆసుపత్రిలోని రోగికి మనము వేడిపాలు తీసికొనిపోవు ఫ్లాస్కులోను, నేడు పిల్లలు బడికి తీసికొనిపోవు రెండుపొరల స్టీలు సీసాలోను ఉన్నది ఆ సూత్రమే. వేడినీరు పోసినపుడు సీసా వెలుపల వెచ్చగా తగిలినచో, నడుమ గాలి చొరబడినదని గ్రహింపవలెను.