వెండితెర తుపాకీ - నిజమెంత?

గూఢచారి చిత్రాలంటే ఇష్టపడని విద్యార్థి అరుదు. 1962లో 'డాక్టర్ నో'తో జేమ్స్ బాండ్ వెండితెర కెక్కినాడు. 1966లో 'గూఢచారి 116'తో ఆ ఒరవడి తెలుగు తెరకూ వచ్చినది. ఇట్టి చిత్రాలు తుపాకీని ఎంతవరకు నిజంగా చూపుతున్నవో పరిశీలించడం మా ఉద్దేశం.

ఇందలి పొరపాట్లు రెండు విధాలు. మొదటివి తుపాకీ పేరుకు, గుండ్ల లెక్కకు సంబంధించినవి. బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్ తొలి నవలల్లో నాయకునికి చిన్న బెరెట్టా పిస్తోలు నిచ్చినాడు. అది స్త్రీలకు తగిన ఆయుధమని 1956లో జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే ఆయుధ నిపుణుడు ఆయనకు ఉత్తరం వ్రాసినాడు. ఫ్లెమింగ్ ఆ విమర్శను మన్నించి, 1958లో వెలువడిన 'డాక్టర్ నో' నవలలో బాండ్‌కు వాల్తర్ పీపీకే పిస్తోలు ఇప్పించినాడు. దానిని సూచించే ఆయుధాధికారికి మేజర్ బూత్‌రాయిడ్ అనే పేరు పెట్టినాడు. అదే కథ చిత్రమైనప్పుడు ఈ శ్రద్ధ నిలువలేదు. ప్రత్యర్థి తుపాకీ స్మిత్ అండ్ వెస్సన్ అనీ, దానిలోని ఆరు గుండ్లూ అయిపోయినవనీ బాండ్ తేల్చివేస్తాడు. తెరపై కనిపించేది మాత్రం ఏడు గుండ్లు పట్టే కోల్ట్ పిస్తోలు! నిపుణులు నవ్వుకొనదగిన ఇట్టి పొరపాట్ల వలన ఎవరికీ హాని లేదు.

రెండవ రకం పొరపాట్లు తుపాకీ శక్తికి సంబంధించినవి. తెరపై సైలెన్సర్ బిగించిన పిస్తోలు ప్రక్కగదికి కూడ వినబడదు. నిజానికి పిస్తోలు ప్రేలుడు ధ్వని సుమారు 160 డెసిబెల్స్. మంచి సైలెన్సర్ దానిలో 30 డెసిబెల్స్ తగ్గించినా, మిగిలిన ధ్వని చెవులకు బాధ కలిగించేంత పెద్దది. ఇక రివాల్వర్‌లో గుండ్ల చక్రానికీ గొట్టానికీ నడుమనున్న సందు నుండి వాయువు వెలువడుతుంది. కనుక సాధారణ రివాల్వర్‌కు సైలెన్సర్ బిగించినా ప్రయోజనం స్వల్పమే.

గుండు తగిలిన మనిషి వెనుకకు ఎగిరిపడడం మరొక అసత్యం. బాండ్ పిస్తోలు గుండు బరువు 5 గ్రాముల లోపే. వేగం సెకనుకు సుమారు 300 మీటర్లు. ఆ ద్రవ్యవేగమంతా 70 కిలోల మనిషికి చేరినా, అతనికి కలిగే వేగం సెకనుకు 2 సెంటీమీటర్లు మాత్రమే! న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం, అతడు ఎగిరిపడితే కాల్చినవాడు కూడ ఎగిరిపడవలెను గదా! గుండు చంపేది నెట్టివేసి కాదు, శరీరాన్ని చీల్చి.

అన్నింటికంటె ప్రమాదకరమైనది, గుండు లేని తూటా నిరపాయకరమనే భ్రమ. 1984లో 'కవర్ అప్' అనే అమెరికా టెలివిజన్ గూఢచారి ధారావాహిక చిత్రీకరణ సాగుతుండగా, 26 ఏండ్ల నటుడు జాన్ ఎరిక్ హెక్సమ్ అట్టి తూటా గల రివాల్వర్‌ను హాస్యానికి కణతకు ఆనించి పేల్చుకొన్నాడు. వాయువు విసురుకు కపాలం చిట్లినది, కొద్దిరోజులకే మరణించినాడు. నిత్యం తుపాకీ పట్టి నటించేవాడే దాని శక్తిని తేలికగా తలచినాడు.

విద్యార్థులారా! చిత్రాన్ని వినోదానికి చూడవచ్చును. తుపాకీని గూర్చిన జ్ఞానాన్ని మాత్రం భౌతికశాస్త్రం నుండి గ్రహించవలెను. పేరు తప్పు చెప్పిన చిత్రాన్ని మనం క్షమించవచ్చును. ప్రాణహరమైన దానిని ఆటవస్తువుగా చూపిన చిత్రాన్ని నమ్మరాదు.